కార్బొరేటర్లో అడ్డం పడ్డ మాటలు

ఊళ్ళో మరమగ్గాల చప్పుడు మొదలుకాకముందే మునిరామయ్య కారు బానెట్ ఎత్తుతాడు. నగరిలో బాడుగకు తిరిగే కార్లలో అదే ముసలిది, వాళ్ళ నాయన దగ్గరనుంచి వచ్చింది. పెట్రోలు పల్చటి మల్లుగుడ్డలో వడగట్టి పోస్తాడు. పంపు విప్పి చూస్తాడు. చివరికి కార్బొరేటర్లో పెట్రోలు సన్నగా చిమ్మే ఇత్తడి ముక్క, ఆ జెట్టును తీసి పెదవుల మధ్య పెట్టుకుని ఊదుతాడు. ఒక్కోసారి నలుసు రాలుతుంది, ఒక్కోసారి మాట రాలుతుంది.

మాట రాలడంలో వింతేమీ లేదు. నోటిదాకా తెచ్చుకుని మింగేసిన మాటతో ఎవరు కారెక్కినా, అది మెల్లగా పెట్రోల్లోకి దిగి జెట్టుకు అడ్డం పడుతుంది. బండి ఆగిపోతుంది. పెళ్ళిచూపుల బాడుగ అయితే దారిలో దిగి ఊదక తప్పదు. ఒకసారి అలా ఊదితే "పిల్లోడు నచ్చలేదు నాయనా" అని ఆడపిల్ల గొంతు వచ్చింది. వెనక సీట్లో తండ్రి విని సరేలేమ్మా అన్నాడు. ఆ సంబంధం అంతటితో సరి.

ఈ మధ్య మాత్రం బండి మరీ మొరాయిస్తోంది. ట్యాంకు కడిగించాడు, పంపులో రబ్బరు పొర మార్పించాడు, అయినా కదిలినట్టే కదిలి నిలబడిపోతుంది. తప్పంతా నోరు విప్పని బాడుగవాళ్ళదేనని తీర్మానించుకుని, ఎక్కినవాళ్ళను దిగేదాకా మాట్లాడుతూనే ఉండమని ప్రాణం తీసేవాడు. పాపం, నేతపని చేసే చౌడప్ప చెప్పడానికేమీ లేక, తిరుపతి దాకా పడుగు పోగులు లెక్కపెట్టి వినిపించాడట. ఆ కార్లో అందరికంటే తక్కువ మాట్లాడేది మునిరామయ్యేనని ఆయనకు తప్ప అందరికీ తెలుసు.

బాగా తెలిసింది ఆయన భార్య నాగరత్నమ్మకు. కారునైతే తల్లీ అంటాడు, బంగారూ అంటాడు. ఆమె ఏమడిగినా నీ ఇష్టం. వంకాయ చేసేదా, మునక్కాయ చేసేదా అంటే నీ ఇష్టం. శ్రీకాళహస్తిలో తమ్ముడు హోటలు పెట్టి, వంట చూసుకుంటూ తన దగ్గరే ఉండిపొమ్మని కబురంపితే, పోయేదా అని అడిగింది. దానికీ అదే జవాబు. నాగరత్నమ్మ పెట్టె సర్దుకుంది. చుట్టపుచూపుకు కాదు, ఉండిపోవడానికే. కోపం కూడా రాలేదామెకు, ఒట్టి అలసట.

బస్సుకు పోతానంటే ఒప్పుకోక ఆయనే కారు తీశాడు. పుత్తూరు దాటారు. వడమాలపేట దగ్గర బండి రెండు దగ్గులు దగ్గి ఆగింది. ఆయన దిగి జెట్టు విప్పి ఊదాడు. ఏమీ రాలేదు. బుగ్గలు నొప్పెట్టేదాకా ఊదాడు. కొంగుతో విసురుకుంటూ చూసి చూసి, నాగరత్నమ్మ దిగివచ్చింది.

"నీ నోట్లో నిలిచిపోయిన మాట నువ్వే ఊదితే యాడొస్తాది? ఇట్టియ్యి."

ఆమె ఊదింది. పెట్రోలు వాసనతో పాటు మునిరామయ్య గొంతు బయటికొచ్చింది. "పోవద్దే."

ఆయన తలొంచుకుని స్పానరు తుడవసాగాడు. ఆమె మళ్ళీ ఊదింది. "పులుసు శానా బాగుండాది." ఇంకోసారి ఊదింది. "జొరం తగ్గిందా?" ఆ తర్వాత, "పచ్చకోకలో బాగుండావు." ఆ కోక చిరిగి పక్కబట్టలయి ఏళ్ళు దాటింది. ఆమె మైలురాయి మీద కూర్చుని ఊదుతూనే ఉంది. శ్రీకాళహస్తి బస్సు హారన్ కొట్టుకుంటూ పోయినా తలెత్తలేదు. నవ్వూ ఏడుపూ ఒక్కటిగా వస్తున్నాయి.

చివరి మాట సన్నగా, పడుచువాడి గొంతుతో వచ్చింది. "పాపకు అచ్చం నీ కండ్లే."

నాగరత్నమ్మ జెట్టును ఒళ్ళోకి దించింది. పెళ్ళయిన కొత్తలో పుట్టిన బిడ్డ, పట్టుమని వారం బతకలేదు. ఆ ఊసు ఆయన ఏనాడూ ఎత్తలేదు. బిడ్డ ముఖమైనా చూడలేదనే ఆమె ఇన్నేళ్ళూ నమ్మింది. ఆయన మీద ఆమె మనసు విరిగింది అక్కడే.

"నువ్వు సూసినావా దాన్ని?"

ఈసారి ఊదాల్సిన పని లేకపోయింది. "సూసినా," అన్నాడు మునిరామయ్య. "నువ్వు మగతలో ఉన్నెప్పుడు ఎత్తుకున్నా. నా యేలు పట్టుకునింది. యెంతసేపున్నా ఇడవలేదు."

ఆమె జెట్టును కొంగుతో తుడిచి ఆయన చేతికిచ్చింది. బిగించాక బండి ఒక్క తిప్పుకే పలికింది. నాగరత్నమ్మ వచ్చి ముందు సీట్లో ఆయన పక్కన కూర్చుంది. కారు నగరి వైపు తిరిగింది. దారి పొడుగునా ఆయన ఆ బిడ్డ గురించి చెప్తూనే ఉన్నాడు, ఆమె ఇంకా ఇంకా అని అడుగుతూనే ఉంది. ఊరు దగ్గర పడుతుంటే, కారు కొంచెం మెల్లగా పోనియ్యమంది.