నూటయెనిమిదవ నూయి

కురిసి కురిసి యలసిన మేఘములు దూదిపింజలవలెఁ దేలికపడి చెదరిపోవ లేయెండ తాటితోఁపుల తలలపైఁ బసుపు చల్లినట్లు ప్రసరింప సముద్రమారుతము లవణగంధమును మోసికొని పొట్టకు వచ్చిన వరిచేలమీఁదుగా మందమందముగా వీచుచున్న యొకానొక యాశ్వయుజప్రాతఃకాలమున దివిసీమయందలి పాలగుంట యను గ్రామమునఁ దూములూరి శోభనాద్రిపంతులు తన పెరటినూతిచెంతఁ బీఁట వైచికొని తల వంచి కూర్చుండియుండెను. ఎదుట నుద్ధరిణియు నీటిచెంబును. ఒడిలో నూటయేడు నూతుల రుచులు లిఖింపఁబడిన పుస్తకము. నూటయెనిమిదవ పుట మాత్ర మింకను దెల్లగనే యుండెను.

లోకమునఁ గొందఱు రత్నములఁ బరీక్షింతురు. కొందఱు గుఱ్ఱములఁ బరీక్షింతురు. మన పంతులు నీళ్లఁ బరీక్షించును. కడలి చేరువ యగుటచే నా సీమయం దొక నూతినీరు పానకమువలె నుండఁగా దాని కిరువది బారల దూరమున నున్న నూతినీరు నోటఁ బెట్టరాదు. ఈ వైచిత్రికి మనసిచ్చి యతఁడు ముప్పదియేండ్లుగాఁ దాంబూలము విడిచి కారము తగ్గించి వేకువనే నోరు పుక్కిలించి యూరూర నూతుల కరిగి యుద్ధరిణెఁడు నీటిని నాలుకకొన నొకసారి యంచుల నొకసారి కంఠమున నొకసారి నిలిపి తన యింటి నూతినీటితోఁ బోల్చి ‘మన నూతికంటె నించుక వగరు’, ‘మన నూతికంటె బరువు’ అని వ్రాసికొనుచుండెను. ఆ గ్రంథమునకుఁ గూపరసచంద్రిక యని పేరు.

గ్రామస్థులు దీనిని వెఱ్ఱి యనిరి. ఒక వేసవిని నలుగురు గూడి పరిహాసమునకై మూఁడుచోట్ల నీరొక్క కడవలోఁ గలిపి తెచ్చి రుచి చూడుమనఁగాఁ బంతులు కన్నులు మూసికొని “నాయనలారా! ఇందు సత్రపునూతి నీరును గంసాలివీథి నూతినీరును గలవు. మూఁడవది నూతిది గాదు, వాననీరు” అనెను. వారు తెల్లఁబోయిరి. అయినను వెఱ్ఱి యన్న పేరు మాత్రము పోలేదు సరిగదా మఱింత గట్టిపడెను.

ఇంతలో బెజవాడయం దొక ముద్రాపకుఁడు గ్రంథమును విజయదశమిలోఁగాఁ బూర్తిచేసి పంపినచో నచ్చువేయుదునని జాబు వ్రాసెను. ఆ గడువున కందు కడపటి పడవ నేఁటి మధ్యాహ్నమునఁ గదలును. తన పెరటినూతిని సులభమని యెంచి పంతులు చివరకు విడిచియుంచెను. అదియే కొంప ముంచినది. పుట్టిననాఁటినుండి త్రాగిన నీరగుటచే నెన్నిమాఱులు నాలుకపై నిలిపినను దానికి రుచియే తోఁపదాయెను. పెరటిచెట్టు వైద్యమునకుఁ బనికిరాదను సామెత పెరటినూతికిని వర్తించెను. ఆ యొక్క పుట లేనిచోఁ బరదేశపుఁ జదువరికి ‘మన నూతికంటె’ నను మాట కర్థమేమి? ముప్పదియేండ్ల తపస్సు నీళ్లపా లగునుగదా యని యాతనికి దుఃఖము పొరలివచ్చెను.

అంతఁ బంతుల భార్య పేరిందేవి కడవయుఁ జేఁదయుఁ గొని వచ్చి “పొయ్యిమీఁదికి నీరు కావలెను. ఇంచుక తొలఁగుఁడు” అనెను. పంతులు తొలఁగక తన కష్టము చెప్పుకొనెను. ఆమె పకపక నవ్వి “ఇంతమాత్రమునకా యీ దిగులు? ఈ నీరు శుద్ధ యుప్పన” అనెను.

“మన నూయి యుప్పనయా!” అని తల్లి నెవ్వరో తిట్టినట్లు పంతు లులికిపడెను.

“కృష్ణయొడ్డునఁ బుట్టి యేటినీరు త్రాగి పెరిగినదానను, నాకుఁ దెలియదా? కాపురమునకు వచ్చిననాఁ డత్తగారు చెంబుతో నిచ్చిరి. మొదట నుప్పు, వెనుక నినుపవాసన. మ్రింగలేక యరఁటిమొదటఁ బుక్కిలించి యుమిసితిని. ఈ నీటఁ బప్పైన వేగ నుడుకదు. నెల దినము లెవ్వరు నెఱుఁగకుండఁ జూరునీళ్లు పట్టుకొని త్రాగితిని.”

పంతులు తత్తఱపాటుతోఁ గలము ముంచి యంతయు వ్రాసికొనెను. పిదప మెల్లఁగా “ఇన్నియేండ్లు నాతోఁ జెప్పవైతి వేమే?” అని యడిగెను.

“ఊరూర నూతుల నడిగితిరి గాని యింటనున్నదాని నడిగితిరా?”

ఈ మాట పంతులకు గుచ్చుకొనెను. అతని మొగము చూచి యామెకు జాలి గలిగెను. చేఁద నూతిగట్టుపై నుంచి చెంతఁ గూర్చుండి యామె యిట్లనెను: “మఱియొకటియు వ్రాసికొనుఁడు. ఏఁడాది గడచినపిమ్మటఁ బుట్టినింటికిఁ బోయి దోసిలి నిండఁ గృష్ణనీరు త్రాగితిని. అది చప్పగా నుండెను. ఆనాఁడు రేవున నొంటిగాఁ గూర్చుండి యేడ్చితిని.”

పంతులు మఱలఁ గలము ముంచి నూటయెనిమిదవ పుటయం దిట్లు వ్రాసెను: ‘ఈ నీరుప్పన. దీనికి నాలుక మరగినవారికి మఱియే నీరును రుచింపదు. పరీక్షించినది నేను గాను. నా భార్య పేరిందేవి.’

గ్రంథముతోఁ బడవ పోయిన తరువాత నామె చేఁదిన నీటిని జెంబుతో నందుకొని పంతులు గుక్కెఁడు త్రాగెను. మఱల నొక గుక్క నాలుకపై నిలిపెను. పుట్టి యేఁబదియెనిమిదేండ్లకు మొదటిమాఱుగా నా నీటి యుప్పదన మాతనికిఁ దెలిసెను.