సగం సాక్ష్యం

చర్చి సంఘంలో నిలబడి తన కంటికి స్వస్థత వచ్చిందని సాక్ష్యం చెప్పిన నెల తిరక్కముందే, అదే కంటికి మళ్ళీ మసక కమ్మేసరికి జ్ఞానప్రకాశానికి ఒంట్లో రక్తమంతా ఇంకిపోయినట్టయింది. ఆ పొద్దు ఆళ్ళగడ్డలో తన రేకుల షెడ్డులో కూర్చుని ఒక సమాధి రాయి మీద పేరు చెక్కుతున్నాడు. ఉన్నట్టుండి ఉలి మొన పొగలో కలిసిపోయింది. కుడి కన్ను మూసి చూశాడు. ఎడమ కంటికి రాయి లేదు, ఉలి లేదు, తన చెయ్యి కూడా సరిగ్గా లేదు.

ఇంట్లోకి పోయి భార్య ముందు నిలబడ్డాడు.

"సుజాతా, కన్ను మళ్ళా పోతాంది."

"ఏందీ?" అంది సుజాత. పప్పు ఎనుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

ఈ సంగతి ఐదు నెలల కిందట మొదలైంది. ఎడమ కంటి ముందు నల్లటి నలుసులు తేలుతుంటే రాతి దుమ్మేలే అనుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా రాళ్ళ మీద అక్షరాలు చెక్కేవాడికి కంట్లో దుమ్ము పడటం ఒక వింతా? నొప్పి లేదు, ఎరుపు లేదు, నీరు కారడం లేదు. చూపులో ఒక మూల నల్లగా తెర దిగినాక గానీ నంద్యాల పోలేదు. అక్కడ కంటి డాక్టరు విష్ణుప్రియ లోపలికి దీపం వేసి చూసి, ముందు రక్తపరీక్ష చేయించుకు రమ్మంది. హెచ్‌ఐవి అని వచ్చింది. ఎప్పుడో బళ్ళారికి రాతిపనికి పోయిన రోజుల తప్పు అది. కన్ను సంగతి చూపించుకోవడానికి పోయినవాడు ప్రాణం సంగతి తెలుసుకుని ఇంటికొచ్చి, సుజాత ముందు అంతా చెప్పుకున్నాడు. ఆమె ఏడవలేదు, అరవలేదు. రెండు రోజులు అన్నం మాత్రం వండలేదు. తనకు పరీక్షలో ఏమీ లేదని తేలినాక, "మాత్రలు మింగు. ముందు బతుకు. నిన్ను తిట్టేది తర్వాత తిడతా" అంది.

మాత్రలు మింగాడు. కంట్లోకి సూదులు పొడిపించుకున్నాడు. పగవాడికి కూడా వద్దనిపించే సూదులవి. తెర ఇంకా దిగకుండా ఆగింది, నలుసులు తగ్గాయి, మళ్ళీ ఉలి పట్టాడు. కన్ను పాడైన సంగతి సంఘంలో అందరికీ తెలుసు, జబ్బు సంగతి ఎవరికీ తెలీదు. ఒక ఆదివారం పాస్టరు అయ్యగారు సాక్ష్యం చెప్పేవాళ్ళు లేవండి అంటే సంతోషం పట్టలేక లేచాడు. నలుసులు తేలి, నొప్పి లేకుండానే చూపు పోయిందన్నాడు, మోకాళ్ళ మీద ప్రార్థన చేశానన్నాడు, దేవుడు తిరిగి ఇచ్చాడన్నాడు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. అబద్ధం ఒక్కటీ లేదు ఆ సాక్ష్యంలో, అదే దాని దరిద్రం. మాత్రలు, సూదులు, నంద్యాల డాక్టరమ్మ, ఇవేవీ అతని నోట రాలేదు. వస్తే ఏం జబ్బని అడుగుతారు కదా!

నంద్యాల బస్సులో కిటికీ పక్కన కూర్చుని గొణిగాడు. "ఆ మాత్రలే చేస్తాండాయి ఇదంతా. మింగకముందు ఒక మూలనే నలుపు. ఇప్పుడు కన్నంతా పొగ. ఇంక మింగేది లేదు."

"ఆ ముక్క డాక్టరమ్మ చెప్పనీ. అంతదాకా నోరు మూసుకోని కూర్చో" అంది సుజాత.

విష్ణుప్రియ చాలాసేపు కంట్లోకి చూసింది. చూసి, కుర్చీలో వెనక్కి వాలింది.

"వైరస్ లేవలేదు, అణిగే ఉంది. ఇది మీ ఒంటి పని."

"నా ఒంటి పనా?"

"ఇంట్లో అందరూ మత్తుగా నిద్రపోతుంటే దొంగలు పడ్డారనుకోండి. సద్దు ఉంటుందా? ఐదు నెలల కిందట మీ ఒళ్ళు అట్లా ఉండింది. రోగాలతో పోరాడే కణాలను హెచ్‌ఐవి తినేసింది. లెక్కకు ఐదు వందల పైన ఉండాల్సినవి ముప్పై కూడా లేవు. మీ కంట్లో దూరినదాని పేరు సైటోమెగాలో వైరస్. అది చాలామంది ఒంట్లో చిన్నప్పటి నుంచే ఉంటుంది. నా ఒంట్లోనూ ఉండొచ్చు. కాపలా ఉన్నంతకాలం లేవదు. మీకు కాపలా పోయింది, అది లేచి కన్ను తినడం మొదలుపెట్టింది. ఎదురు తిరిగేవాళ్ళు లేరు కాబట్టే మీకు నొప్పి లేదు, ఎరుపు లేదు."

"మరిప్పుడు ఈ పొగ ఏందమ్మా?"

"మాత్రలతో ఆ కణాలు మళ్ళీ నూట యాభై దాటాయి. నిద్ర లేచి చూసుకుంటే కంట్లో దొంగ ఆనవాళ్ళు కనబడ్డాయి. ఇక కొట్లాట పెట్టుకున్నాయి. ఇంట్లో కొట్లాట జరిగితే కుండలు పగలవా? ఆ గందరగోళమే మీకు కనబడే పొగ."

జ్ఞానప్రకాశం సుజాత వైపు చూశాడు, డాక్టరు వైపు చూశాడు. "అంటే, నాకు బాగవుతాంది కాబట్టే కన్ను మసక పట్టిందా?"

"అంతే. చుక్కల మందు ఇస్తాను, అవసరమైతే ఒక సూది. చాలావరకు తేటబడుతుంది. మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా మానొద్దు. మానితే కాపలా మళ్ళీ పోతుంది. అప్పుడు రెండో కన్నూ పోతుంది, ఆ తర్వాత మనిషే పోతాడు."

బాగుపడటం కూడా ఇంత భయపెడుతుందని అతను కలలో కూడా అనుకోలేదు. బస్సులో తను ఏమని తీర్మానించుకున్నాడో గుర్తొచ్చింది. సుజాత మందుల చీటీ అందుకుంది.

బయట బల్లల దగ్గర ఎవరో ముసలామె కూతుర్ని కోప్పడుతోంది. గొంతు ఎరిగినదే. వాళ్ళ సంఘంలోని నాగేశ్వరమ్మ. పక్కన కూతురు లూదియా, ఆదివారాలు పాటలు ఎత్తుకునే పిల్ల. ముప్పై ఏళ్ళు నిండలేదు. పోయిన ఏడు భర్త చనిపోతే జ్వరమని చెప్పుకున్నారు.

"లూదియా! ఏమ్మా, ఈడ ఉండావు?"

ఆమె ముఖం గొంతు వైపు తిరిగింది. కళ్ళు మాత్రం అతన్ని పట్టుకోలేదు. "వందనాలన్నా" అంది.

"సూడు నాయనా దీని వాలకం!" నాగేశ్వరమ్మ లేచి నిలబడింది. "కుడి కన్ను పూర్తిగా పోయింది. నిన్నటి నుంచి ఎడమదాంట్లో కూడా నలుసులు కమ్ముకోని మనుషులు మసగ్గా కనబడ్తాండారంట. ఎత్తుకొచ్చినంత పని చేసి తెస్తే, వాకిలి దాకా వచ్చి లోపలికి రానంటాంది."

"నొప్పి ఉందా?" అన్నాడు జ్ఞానప్రకాశం.

"రవ్వంత కూడా లేదన్నా."

అతనికి లోపల ఇప్పుడే విన్న మాటలు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి.

లూదియా గొంతు తగ్గించింది. "నీకు చెప్తే తప్పు లేదులే. మా ఆయన పోతా పోతా నాకు అంటించిపోయింది పెద్ద జబ్బన్నా. ఒక నెల మాత్రలు మింగి, ఒక నెల మాని, అట్లా నెట్టుకొస్తాంటి. కంట్లో నలుసులు మొదలైనప్పుడు ఈడికే వద్దామనుకున్యా. అప్పుడే నువ్వు సాక్ష్యం చెప్తివి. అచ్చం నాకు మాదిరే నలుసులు, నొప్పి లేదంటివి. జ్ఞానప్రకాశమన్నకు ఇచ్చిన దేవుడు నాకు ఇయ్యడా అని మాత్రలు కూడా పూర్తిగా మానేసినా. ప్రార్థన నూనె రాసుకుంటాండా. ఇప్పుడు లోపలికి పోతే నా విశ్వాసం పోయినట్టే గదా? నువ్వే చెప్పన్నా. నువ్వు పొమ్మంటే పోతా, వద్దంటే ఇంటికి పోతా."

జ్ఞానప్రకాశం చుట్టూ చూశాడు. బల్లల మీద పదిమంది దాకా ఉన్నారు. అందులో ఆళ్ళగడ్డ వాళ్ళు ఉండొచ్చు, తను రాళ్ళు చెక్కి ఇచ్చిన వాళ్ళూ ఉండొచ్చు. ఊరికే "పోమ్మా, చూపించుకో" అనేస్తే సరిపోతుందేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాడు కూడా. కానీ ఆ పిల్ల ముఖం చూస్తే అది చాలదని తెలిసిపోయింది. మాత్రలు మానింది తన మాట మీద. మళ్ళీ మింగాలంటే తన నిజం కావాలి.

"లూదియా, నాకూ అదే జబ్బు" అన్నాడు. అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది మాట. తలలు తిరిగాయి. "ఐదు నెలల నుంచి దినామూ మాత్రలు మింగుతాండా. ఇదే డాక్టరమ్మ చేత కంట్లోకి సూదులు పొడిపించుకున్యా. దేవుడు ఇచ్చినాడు, కాదనను. వీటితోనే ఇచ్చినాడు. ఆ సగం నేను సిగ్గుకు దాచిపెట్టినా. నీది విశ్వాసమే. నాదే సగం సాక్ష్యం. లే తల్లీ, లోపలికి పో."

లూదియా తను విన్నది అతని గొంతేనని నమ్మలేనట్టు తల పక్కకు వంచింది. తర్వాత లేచి, తల్లి కోసం గాలిలో చెయ్యి చాపింది. సుజాత ముందుకొచ్చి ఆ చెయ్యి పట్టుకుని, ఇద్దర్నీ లోపలికి తీసుకుపోయింది.

జ్ఞానప్రకాశం బయటే కూర్చున్నాడు. పక్కనున్నాయన కొంచెం జరిగి కూర్చోవడం తెలిసింది, పట్టించుకోలేదు. లోపలి నుంచి మాటలు వినబడలేదు. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది.

సుజాత ముందు వచ్చింది. "ఎడమ కన్ను నిలబెట్టొచ్చంట. ఈ పొద్దే సూది వేస్తారు, మాత్రలు కూడా మళ్ళా మొదలుపెడ్తారు" అంది. కుడి కన్ను సంగతి అడగబోతే తల అడ్డంగా ఊపింది. లోపల పొర ఊడిపోయిందట. మూడు వారాల ముందు వచ్చుంటే దక్కేదట.

వెనకాలే తల్లి చెయ్యి పట్టుకుని లూదియా వచ్చింది. అతను లేచి ఎదురుపోయాడు. "నన్ను క్షమించు తల్లీ" అనబోయేంతలో అలికిడికి ఆమె ఆగింది.

"అన్నా, నువ్వేనా?"

"నేనేనమ్మా."

"నువ్వు సాక్ష్యం చెప్పిన పొద్దు నాకు రెండు కండ్లూ కనబడ్తాండె" అంది లూదియా. ఆ గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. "ముందు వరసలోనే కూర్చోనింటి. నిన్ను బాగ చూసినా."

తిట్టి ఉంటే బాగుండేది. సూది వేసే గది వైపు తల్లి ఆమెను నడిపించుకుపోతుంటే, జ్ఞానప్రకాశం అక్కడే నిలబడి, తనకు ఇంకా చూపున్న కన్నుతో చూస్తూ ఉండిపోయాడు.