చెయ్యి మారిన చోటు

తడి ఉన్ని వాసన.

గోరువెచ్చని నీళ్ళ అడుగున శాలువా — అల్లికలో ముడుచుకున్న ఆకులు, ఆకుల మధ్య ఆకులు. ఒక్కొక్క బుడగే పైకొచ్చి పగులుతోంది.

కోడలు బేసిను మీదకి వంగి చూస్తోంది.

సగం శాలువా అత్తయ్యది. సగం తనది.

చేతులకు వణుకొచ్చేదాకా అత్తయ్య అల్లింది. ఇక సూదులు నిలవక, కోడలి ఒళ్ళో పెట్టి కిటికీ వైపు తిరిగింది. ఆ చేతుల ఆఖరి అల్లిక అది. బిగువైన అల్లిక — చీమ దూరదు. కోడలిది వదులు — గాలి ఈల వేసుకుంటూ పోతుంది.

చెయ్యి మారిన చోట, గీత.

"గోనెసంచికి దోమతెర కుట్టినట్టుంది. మొత్తం విప్పెయ్యవే," అంది అత్తయ్య పొద్దున, అది నీళ్ళలో పడకముందు.

"మీరల్లింది కూడానా?"

"సగం శాలువా ఎవరు కప్పుకుంటారు?"

"ఒక్కసారి తడిపి, లాగి ఆరబెడతాను. అప్పటికీ గీత కనబడితే నేనే విప్పుతాను."

అత్తయ్య మూతి తిప్పింది. ఏది అల్లినా ఇస్త్రీపెట్టెతో అణచడమే ఆమెకు తెలుసు. నీళ్ళను ఎప్పుడూ నమ్మలేదు.

పిండకూడదు… ఒత్తాలి. కోడలు శాలువాను తువాలులో చుట్టి, దాని మీద నిలబడింది. తువాలు తాగింది. తాగినంతా తాగింది.

పరుపు మీద పరిచింది.



తన సగం ఇంకా సాగింది. అత్తయ్య సగం బిగుసుకునే ఉంది. అది గీత కాదిప్పుడు — గండి.

అత్తయ్య ఒక్క చూపు చూసి, మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. 

అప్పుడొచ్చాడు మామయ్య, తన సైకిళ్ళ కొట్టు నుంచి. అంచుల్లో దూర్చడానికి కోడలు అడిగిన చువ్వలు తెచ్చాడు. తుప్పు లేనివి, కొత్తవి. పరుపు వైపు చూశాడు.

"వంకరపోయిన చక్రానికి చువ్వలన్నీ ఒకేలా బిగించం తల్లీ. ఒకవైపు లాగుతాం, ఒకవైపు వదులుతాం. మీ అత్తను లాగు, నువ్వు తగ్గు. నావల్ల కాలేదు గానీ… నీవల్ల అవుతుందేమో."

"చాల్లెండి," అంది అత్తయ్య. కానీ కిటికీ దగ్గర్నుంచి లేచింది.

చువ్వ అంచు కుట్లలోకి దూరింది. కుట్టు వెనక కుట్టు. కోడలు అత్తయ్య సగాన్ని లాగింది — కొంచెం — ఇంకొంచెం. తన సగాన్ని అరచేతులతో దగ్గరికి జరిపింది. గుండుసూది. మళ్ళీ గుండుసూది.

"ఇంకా లాగు," అంది అత్తయ్య, వణికే చేత్తో గుండుసూదుల డబ్బా పట్టుకుని. "నాది తెగదు. భయపడకు."

లాగింది.

ఒక ఆకు విచ్చుకుంది. పక్కది విచ్చుకుంది. బిగువులోంచి ఈనెలు, వదులులోంచి అంచులు… ఆకులు, ఆకులు, పరుపు నిండా ఆకులు.

ఎండ కిటికీలోంచి వచ్చి, పరుపంతా నడిచి, గోడెక్కింది.

ఆరింది.

గుండుసూదులు తీసింది. చువ్వలు లాగింది. 

శాలువా ముడుచుకోలేదు.

అత్తయ్య కళ్ళు మూసుకుని వేళ్ళతో గీతను వెతికింది. "ఇక్కడేగా?"

కోడలు నవ్వింది.

"పోనీ ఇక్కడా? ఏదీ, నువ్వు చూపించు."

కోడలు వంగింది. ఒక ఆకు… ఇంకో ఆకు… తన చెయ్యేది, ఆమె చెయ్యేది?

అత్తయ్య ఆగలేదు. శాలువా భుజాల మీదుగా కప్పుకుని, గెలిచినవాళ్ళు నడిచినట్టు వీధి గుమ్మంలోకి నడిచింది. వీపు మీద ఆకులు కదిలాయి.

ఎవరల్లారని ఎవరైనా అడిగితే…

కోడలు వెనకే వచ్చింది, ఇంకా ఆ గీతను వెతుక్కుంటూ. ఆమె చేతులకు తడి ఉన్ని వాసన.