నా మడమ దగ్గర వెలిసిన ఊటమ్మ

నేనొక మట్టికట్టని. ఆనకట్ట అనేది సిమెంటు వాళ్లకి నప్పే పేరు. నాదంతా మట్టి ఒళ్లు, కడుపులో బంకమన్ను, నీళ్ల వైపు రాతి పరుపు. ముత్తేరు మున్సిపాలిటీ సొంత ఆస్తిని. ఊరి తాగునీళ్లకని నన్ను కట్టారు. ఆ నీళ్లకి పన్ను కట్టమన్నారు. జనం అదొక్కటి తప్ప అన్నీ కట్టారు: నా పక్కన గేదెల్ని కట్టారు, నా కిందే ఇళ్లు కట్టారు, చివరికి నా కాళ్ల దగ్గర తోరణాలూ కట్టారు. ఆ తోరణాల సంగతే చెప్తాను.

పొద్దున్నే పొట్టలు తగ్గించుకుందామని పెద్దమనుషులు నా వీపు మీద నడుస్తారు. పొట్టలు తగ్గలేదు గానీ నా వీపు అరిగింది. సాయంత్రం జంటలొచ్చి "నిన్ను వదిలి ఉండలేను" అని చెప్పుకుంటారు. ఇన్నేళ్లుగా నీళ్లని వదలకుండా పట్టుకున్నది నేను, ఫొటోలు వాళ్లకి!

ఇంత చాకిరీలో ఓ ఏడు వెనకవైపు నా మడమ దగ్గర చెమ్మ ఊరింది. మట్టి ఒంటికి చెమట పట్టడం వింతేం కాదు. కట్ట కిందే కాపురమున్న సన్యాసమ్మ మాత్రం దానికి పసుపు రాసింది. చూస్తుండగానే అది ఊటమ్మ తల్లి అయిపోయింది. నా లీకు లోకానికి మొక్కయింది. రేకుల గుడి లేచింది, గంట వేలాడింది. అంతవరకూ కూలికి పోయిన సన్యాసమ్మ గుడి పక్కన కొబ్బరికాయల కొట్టు పెట్టి పూజారమ్మ అయింది.

అప్పుడొచ్చింది మున్సిపల్ ఇంజనీరు హేమలత. వచ్చినవాళ్లంతా నీళ్లని చూసి పోయేవాళ్లే, నన్ను చూడ్డానికొచ్చింది ఆవిడొక్కతే. నీళ్లు పోయినా మట్టి పోకుండా, గుడి తీసి ఆ చెమ్మ మీద ఇసక, కంకర పరవాలంది.

"ఏటమ్మా, అమ్మోరి మీద కంకరేస్తావా?" అన్నాడు కౌన్సిలర్ గవరయ్య. "ఎలక్షన్లు నీకు లేవు, నాకున్నాయి."

హేమలత నేరుగా వెళ్లి సన్యాసమ్మ పక్కన కూర్చుంది.

"పిన్నీ, నీళ్లు తేటగా వచ్చినన్నాళ్లూ ఫర్వాలేదు. మట్టిరంగు తిరిగాయంటే లోపల కట్ట కరిగిపోతున్నట్టే. వెంటనే నాకు ఫోన్ చెయ్యి."

"సేస్తే?"

"గుడి తీసేస్తాను."

"సెయ్యకపోతే?"

"కట్టే తెగి తీసుకుపోతుంది. నీ ఇంటితో మొదలెట్టి."

ఆ ఏడు తుఫాను వచ్చింది. నీళ్లు నా మెడదాకా లేచాయి. వాన తెరిపిచ్చిన పొద్దున ఊటలో నీళ్లు టీ రంగులోకి తిరిగాయి.

"అమ్మోరు పసుపునీళ్లిస్తోంది!" అని ఎవరో కేకేశారు. జనం సీసాలతో విరుచుకుపడ్డారు. గవరయ్య మైకు తెప్పించాడు. సన్యాసమ్మ కొట్లో కాయలు చాల్లేదు. అంత గిరాకీ ఆవిడ ఎన్నడూ చూళ్లేదు.

నా కడుపులో బంకమన్ను కరిగిపోతోంది. అరుద్దామంటే, నాకు నోరంటూ తెరుచుకుంటే అది గండే.

సన్యాసమ్మ చేతిలో కాయ చేతిలోనే ఉంది. నీళ్లకేసి చూసింది, గుడికేసి చూసింది, కింద తన ఇంటికేసి చూసింది. కాయ పక్కన పెట్టి ఫోన్ తీసింది.

"ఇప్పుడెవరికే ఫోను?" అన్నాడు గవరయ్య.

"అమ్మోరికి."

హేమలత వస్తూనే ఇళ్లు ఖాళీ చేయించింది, తూము తలుపు ఎత్తించి నీళ్లు దించింది. గుడి ఊడదీయించి, నా మడమ మీద ఇసక, ఇసక మీద కంకర, కంకర మీద రాళ్లు వేయించింది. సాయంత్రానికి నా కడుపు కుదుటపడింది. ఊటమ్మే ఊరిని కాపాడిందని మర్నాడు గవరయ్య మైకులో చెప్పాడు. మైకు ఎలాగూ తెప్పించాడు కదా!

ఇప్పుడు సన్యాసమ్మ కొట్టు నా వీపు మీదికెక్కింది. కొబ్బరికాయలు పోయి కొబ్బరిబోండాలు వచ్చాయి. పొట్టలవాళ్లే బేరం. కొట్టు తెరిచే ముందు రోజూ కిందకి దిగుతుంది. రాళ్ల మధ్య అమర్చిన గొట్టంలోంచి కారే నా చెమటని గాజుగ్లాసులో పట్టి, ఎండకెత్తి చూస్తుంది. పసుపు లేదు, గంట లేదు.

"తేటే," అంటుంది హేమలతతో ఫోన్‌లో.

ఆ పూటకి నేను నిలబడ్డట్టే.