తల్లిపొర

జొమ్మారియా ఎప్పటిలాగే బెరడు పలకలు మోస్తున్నాడు. డెబ్బై ఏళ్ల వీపు, దాని మీద సీసా బిరడాలకు పోయే ఓక్ బెరడు, మెడ మీద చీమలు. గల్లూరా కొండల్లో జూన్ ఎండ పొద్దున్నే ముదిరిపోతుంది.

ఒకప్పుడు బెరడు వొలవడంలో అతనికి ఎదురు లేదు. గొడ్డలి బెరడును కోసి, లోపలి తల్లిపొరను తాకకుండా ఆగాలి. తాకితే చెట్టుకు ముప్పే. ఏడేళ్ల కిందట అతను వొలిచిన పన్నెండు చెట్లు వరసగా ఎండిపోయాయి. తోట యజమాని బైంజు గొడ్డలి లాక్కున్నాడు. అప్పట్నుంచీ మోత పనే. చెయ్యి తప్పిందేమోనని జొమ్మారియా కూడా నమ్మేశాడు. మోతకన్నా అదే అతన్ని కుంగదీసింది.

మధ్యాహ్నం పల్చటి రొట్టె, జున్ను తింటుండగా ప్రయోగశాల నుంచి అసుంత వచ్చింది. ఎండిన చెట్ల ముక్కలు పరీక్షకు పట్టుకెళ్లింది ఆమే. రాతి మీద రెండు సీసాలు పెట్టింది. రెండింట్లోనూ ఓక్ రెమ్మలు. ఒకటి పచ్చగా ఉంది, రెండోది మాడిపోయింది.

“బాబాయ్, మీ చెట్లకి పట్టింది బూజు. అది విషం కక్కుతుంది. బూజుని వడగట్టేసి, ఆ విషం మాత్రమే ఈ నీళ్లలో కలిపాం. మూడు రోజుల్లో రెమ్మ ఇలా అయింది. దీనికి ఏ గొడ్డలీ తగల్లేదు.”

“మరి నా గొడ్డలి?”

“బూజుని చెట్టు నుంచి చెట్టుకి మోసే ఉంటుంది. మీదొక్కటే కాదు, అందరివీ. ఇక మీదట చెట్టుచెట్టుకీ స్పిరిట్‌తో తుడవండి. మీ చెయ్యి మాత్రం తప్పలేదు. పన్నెండు మానులూ తడిమి చూశా, తల్లిపొర మీద ఒక్క గాటు లేదు.”

పక్కనే కూర్చుని వింటున్న బైంజు గొంతు సవరించుకున్నాడు. “ఏడేళ్లూ నన్ను తిట్టుకునుంటావు కదరా ముసలోడా?”

“మిమ్మల్నా? నన్ను నేను తిట్టుకోడానికే తీరిక చాల్లేదయ్యా.”

బైంజు కొట్లోకి వెళ్లి గొడ్డలి తెచ్చాడు. తుప్పు లేదు.

“నూనె రాస్తూనే ఉన్నాలే,” అన్నాడు ఎటో చూస్తూ.

జొమ్మారియా గొడ్డలిని తుడిచి, ఒక్క చెట్టు వొలిచాడు. పలక చర్రుమంటూ ఊడి వచ్చింది. గులాబి రంగులో తడితడిగా ఉన్న తల్లిపొర మీద అరచెయ్యి ఆనించాడు. కళ్లు నిండాయి. ఎంత మేలు చేసింది ఈ పిల్ల! బైంజు కూడా మంచివాడే అనిపించింది.

“చల్లగా ఉండు తల్లీ,” అన్నాడు. అసుంతతోనో చెట్టుతోనో, ఇద్దరితోనూ అనుకోవచ్చు.

గొడ్డలిని మళ్లీ స్పిరిట్‌తో తుడిచి, తర్వాతి చెట్టుకు ఆనించి, కాసేపు నీడన నడుం వాల్చాడు.

వైన్ తాగుదాం రమ్మని బైంజు రెండుసార్లు పిలిచాడు. మూడోసారి దగ్గరకొచ్చి, భుజం తట్టి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, తన టోపీ తీసేశాడు.

తర్వాతి చెట్టుకు ఆనించిన గొడ్డలి అంచు మీద స్పిరిట్ తడి అప్పటికే ఆరిపోయింది.