లైసెన్సు లేని చేతులు

స్టూడియో మేకప్ గదిలో హీరోయిన్ ముఖం సగమే పూర్తయింది. ఒక కంటికి కాటుక ఉంది, రెండో కన్ను బోసిగా ఉంది. అప్పుడే మేకప్ కాంట్రాక్టరు తనిఖీ అధికారిని వెంటేసుకొచ్చి, ఆమెకు మేకప్ వేస్తున్న తాత చేతిలోని బ్రష్ లాగేశాడు.

"లైసెన్సేదీ?"

"మీ నాన్నగారి రోజుల నుంచీ ఈ కుర్చీ దగ్గరే ఉన్నా కదా బాబూ!"

"అప్పుడు చట్టం లేదు. ఇప్పుడుంది. నడు బయటికి!"

అందరూ తాతా అని పిలుచుకునే ఆ మనిషి గోడ పట్టుకుని బయటికెళ్లాడు. మెడలో లైసెన్సు కార్డున్న అమ్మాయి వైపు తిరిగాడు కాంట్రాక్టరు.

"మేడం, మీరు పూర్తి చెయ్యండి."

మేడం! మూలన విగ్గు దువ్వుతున్న వదినకు అరికాలి మంట నెత్తికెక్కింది. తాతకు జరిగిన అవమానం కన్నా ఆ ఒక్క మాటే ఎక్కువ గుచ్చుకుంది. ఆ మేడం ఆమె సొంత ఆడపడుచు. ఆ పిల్ల పిలుపు విని స్టూడియో అంతా తనను వదినా అనే పిలుస్తోంది. పౌడరు అద్దడం కూడా రాని రోజుల్లో దాని చెయ్యి పట్టి నేర్పింది తనే.

కొత్త చట్టం ప్రకారం శిక్షణ పొంది, పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకున్నవాళ్లే ఒకరి ముఖం మీద చెయ్యి వెయ్యాలి. శిక్షణ ఇచ్చే బడి ఊరంతటికీ ఒక్కటే. అది కాంట్రాక్టరుది. అక్కడ చేరితే ఏడాదిపాటు అతని షూటింగుల్లో జీతం లేని చాకిరీ. ఇంట్లో ఇద్దరూ చేరితే పొయ్యి వెలగదు. అందుకే వదిన సంపాదించింది, ఆడపడుచు చదివింది. ఎవరూ చూడనప్పుడు ఒకసారి ఆ కార్డు మెళ్లో వేసుకుని అద్దంలో చూసుకుంది కూడా వదిన.

సాయంత్రం జనరేటర్ వ్యాను వెనక అందరూ చేరారు.

"ఈ లైసెన్సే వద్దందాం!" అన్నాడు విగ్గుల మేస్త్రీ.

"ఎందుకొద్దు?" ఆడపడుచు లేచింది. "పాడైన క్రీము రాసి ఒకమ్మాయి బుగ్గలు కాల్చింది మనవాళ్లే కదా? శిక్షణా కావాలి, పరీక్షా కావాలి. కానీ చెయ్యి తిరిగినవాళ్లని నేరుగా పరీక్షకి కూర్చోనివ్వాలి. మనక్కావాల్సింది చదువు, వాడిక్కావాల్సింది చాకిరీ. నా మెళ్లో ఉన్నది కార్డనుకున్నారా? పలుపుతాడు! నోరెత్తితే లాగేస్తాడు."

చప్పట్లు మోగాయి. వదిన చేతులు కదల్లేదు. 'మెళ్లో వేసుకున్నది ఎన్నయినా చెబుతుంది' అనుకుంది.

మర్నాడు కాంట్రాక్టరు పిలిపించి, ఎన్నడూ లేనిది కుర్చీ చూపించాడు.

"మీటింగు పెట్టించింది మీ ఆడపడుచేనా? ఊఁ అను చాలు. దాని కార్డు తీసేసి నీకిప్పిస్తా. చాకిరీ కూడా అక్కర్లేదు."

ఆ ఒక్క 'ఊఁ' నాలుక చివరిదాకా వచ్చింది. తన మెడలో కార్డు, తనను మేడం అంటున్న జనం, పక్కన విగ్గు పట్టుకుని నిలబడ్డ ఆడపడుచు! ఎంత తియ్యగా ఉందో ఆ ఊహ!

కాంట్రాక్టరు నవ్వాడు. "నీ ఏడుపు నాకు తెలీదా? మీరిలా ఒకళ్లని చూసి ఒకళ్లు ఏడుస్తుంటేనే నాకు కంటినిండా నిద్ర."

వదిన ఉలిక్కిపడింది. తన కడుపుమంట దగ్గర వీడు చలి కాచుకుంటున్నాడన్నమాట!

"మీటింగు పెట్టింది మేమందరం" అని లేచి వచ్చేసింది.

ఆ మర్నాడు ఎవరూ బ్రష్ పట్టలేదు. గేటు ముందు బైఠాయించారు. లోపల హీరోహీరోయిన్లు కడిగిన ముఖాలతో కూర్చున్నారు. లైట్‌బాయ్‌లు, టైలర్లు వచ్చి కలిశారు. "పరీక్ష అందరికీ! వెట్టిచాకిరీ నశించాలి!"

పోలీసు వ్యాను వచ్చింది. కాంట్రాక్టరు వేలు చూపించగానే పోలీసులు ఆడపడుచు మెడలోని కార్డు తెంపి, ఆమెను వ్యానులోకి తోశారు. జనమంతా ఆ పిల్ల పేరు చెప్పి జిందాబాద్ కొట్టారు.

నిజం చెప్పాలంటే వదినకు అప్పుడూ కుళ్లే. అన్నం పెట్టి చదివించింది తను, పని నేర్పింది తను. జిందాబాద్‌లు మాత్రం దానికొక్కదానికేనా?

"ఆగండి! దానికి బ్రష్ పట్టడం నేర్పింది నేను. లైసెన్సు లేకుండానే నేర్పాను. నన్నొదిలేసి దాన్నెలా తీసుకెళ్తారు?" అంటూ వ్యానెక్కేసింది.

"నువ్వెందుకొచ్చావు వదినా?"

"జరుగు! ఎప్పుడూ నువ్వే ముందు కూర్చోవాలా?"

"మీ ఇద్దరికన్నా సీనియర్ని నేను" అంటూ తాత ఎక్కాడు. వెనకే విగ్గుల మేస్త్రీ, టైలర్లు. వ్యాను కిక్కిరిసింది. మిగిలినవాళ్లు చక్రాల ముందు కూర్చున్నారు. "దిగండి!" అని ఇన్‌స్పెక్టరు గొంతు చించుకున్నా ఒక్కరూ కదల్లేదు.

కాంట్రాక్టరు ఇంకో వ్యాను కోసం ఫోన్ చేశాడు. అది వచ్చేలోపే గేటు ముందు దాంట్లో ఎక్కడానికీ లైను కట్టారు జనం.