హీత్ మొలిచే ఎత్తు

పొగమంచు కమ్మే ముందు క్లెమెంట్ లార్టర్‌కి తన వదిన హెస్టర్ స్పష్టంగానే కనబడుతోంది. నాలుగు బారల దూరంలో, బురదలో వంగి, కత్తితో కూరకి పనికొచ్చే సాంఫైర్ కాడలు కోసి బుట్టలో వేసుకుంటోంది. అతను నేలమీది ఏదో పువ్వు చూద్దామని తల దించాడు. తల ఎత్తేసరికి వదినా లేదు, బుట్టా లేదు. నార్‌ఫోక్ తీరమే లేదు. కళ్ల ముందు తడిసిన తెల్ల దుప్పటి ఒకటి వేలాడుతోంది.

"వదినా!"

"అరవకు. ఇక్కడే ఏడ్చాను. కాలు దిగబడింది."

ఆ గొంతు పట్టుకుని వెళ్లాడు. ఆమె కుడికాలు మోకాలిదాకా బురదలో ఉంది. చేతిలోని పొడవాటి కర్ర ఆమెకి అందించి వెనక్కి లాగాడు. కాలు వచ్చింది గాని బూటు రాలేదు. యుద్ధం ముగిసి అయిదేళ్లయినా ఆమె వేసుకునేవి సైనికుల పాత బూట్లే, కొలతకి రెండింతలు పెద్దవి. మడమ దగ్గర అప్పుడే వాపు వస్తోంది.

"ఆకాశం చూడమని కదా నిన్ను నిలబెట్టింది?" అంది ఆమె, పళ్లు బిగించి. "నువ్వేమో గడ్డి చూస్తావు."

ఆ ఊళ్లో సాంఫైర్ కోతకి ఎవరూ ఒంటరిగా వెళ్లరు. జోడీ కట్టి వెళ్లాలి. ఒకరు కోస్తే ఇంకొకరు కర్ర పట్టుకుని ఆకాశం మీద, పోటు మీద కన్నేసి ఉంచాలి. పాతికేళ్లు హెస్టర్‌కి జోడీ ఆమె చెల్లెలు ఐడా, అంటే క్లెమెంట్ భార్య. ఐడా కిందటి చలికాలంలో పోయింది. వేసవి రాగానే హెస్టర్ అతని గుమ్మంలోకి వచ్చి, "నా జోడీ మీ ఇంటినుంచే పోయింది, మీ ఇంటినుంచే రావాలి" అంది. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి అలా కర్ర పట్టాడు.

అది అమావాస్య పోటు. ఆ వేసవికల్లా పెద్దదని రేవులో అందరూ అనుకున్నదే. చీకటి పడకముందే ఈ ఉప్పుమడ అంతా నీళ్ల కింద ఉంటుంది.

దూరంగా చర్చి గంటలు మొదలయ్యాయి. ఆదివారం కోసం కుర్రకారు సాధన చేస్తున్నట్టున్నారు.

"అదిగో, ఊరు అటే. పద" అంది హెస్టర్, కర్రమీద బరువు వేసి.

"ఊరు అటే వదినా. కాని మనకీ గంటకీ మధ్య పెద్దపాయ ఉంది. విన్నారా?"

ఆమె చెవి ఒగ్గింది. గంటల వైపునుంచే, కూజాలోంచి ఒంపినట్టు గుళగుళమని చప్పుడు.

ఆ మడలో పోటు ఎదురుగా రాదు. పాయల గుండా వెనకనుంచి వస్తుంది, పెరటి తలుపు తెలిసిన దొంగలాగా. ఆ సంగతి ఊళ్లో పసివాడికి కూడా తెలుసు. అయినా అక్కడ మునిగిపోయిన వాళ్లందరూ ఇంటివైపు నడుస్తూనే మునిగారు. మంచులో గంట వినబడితే కాళ్లు తెలివిని లెక్కచెయ్యవు.

"మరి ఎటు పోదామంటావు?"

"సముద్రం వైపు."

"మతి పోయిందా మరిదీ?"

"గులకరాళ్ల గట్టు ఉంది కదా, హీత్ పొదలు పెరిగే గట్టు. అది ఎత్తు, దాన్ని చేరితే చాలు."

"నీ హీతూ నువ్వూ! పెళ్లినాడు మా చెల్లి చేతిలో పూలగుత్తి పెడితే, దాని మొహం చూడకుండా పూలకి రేకులెన్నో చూసిన మహానుభావుడివి."

"మొహం కూడా చూశాను. ముందే చూశాను."

హెస్టర్ నవ్వబోయి ఆగిపోయింది. మేజోడు మాత్రమే ఉన్న ఆమె పాదం చుట్టూ నీళ్లు పల్చగా పరుచుకుంటున్నాయి. ఇందాక అక్కడ లేవు.

"సరే. నీ మాట విని చచ్చానో, పైకెళ్లగానే దానికి నీ మీద చాడీలు చెప్తాను."

బుట్ట అక్కడే వదిలేశారు. ఆమె ఒక చెయ్యి అతని భుజం మీద వేసింది. అతను వంగి, ఎడమ చేత్తో నేల తడుముతూ నడిచాడు. ఉప్పుమడలో మొక్కలు మెట్లలాగా ఉంటాయి. ఎంత మునకకి ఓర్చుకోగలదో అంత ఎత్తులోనే ప్రతిదీ మొలుస్తుంది. అన్నిటికన్నా కింద సాంఫైర్. ఆపైన సముద్రపు లావెండర్. అన్నిటికన్నా పైన, ఇసుకా గులకరాళ్లూ కలిసిన చోట, హీత్. కళ్లు పనిచెయ్యనప్పుడు ఈ మెట్లు చేత్తోనే ఎక్కాలి.

నీళ్లు చీలమండల దాకా వచ్చాయి. చల్లటి ఉప్పునీటిలో వేళ్లు మొద్దుబారాయి. ఇంతలో చేతికి పొద తగిలింది. గట్టి కాడలు, చిన్న ఆకులు.

"వచ్చేశాం వదినా! ఇదే హీత్!"

ముందుకి అడుగు వెయ్యబోతుంటే హెస్టర్ అతని కాలర్ పట్టి వెనక్కి గుంజింది. వంగి ఒక ఆకు తుంచి నలిపింది.

"ఇదా హీత్? ఇది బూడిదాకు. గొర్రెమాంసంలో వేసుకు తినే ఆకు నాకు తెలీదనుకున్నావా? ఇది పాయ అంచునే పెరుగుతుంది. కర్ర దించి చూడు."

అతను కర్ర దించాడు. అది దిగుతూనే పోయింది. అడుగు తగల్లేదు.

ముప్ఫయ్యేళ్లు పిల్లలకి ఆకులు చూపించి పేర్లు చెప్పినవాడికి ఆ ఒక్క అడుగు ఎంత దూరం తీసుకుపోయేదో తెలిసింది. కాలర్ మీద ఆమె పట్టు ఇంకా వదల్లేదు. అందుకు అతను మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

హెస్టర్ చేతిలోని ఆకుని పాయలో పడేసింది. అది గిర్రున తిరిగి వాళ్ల వెనకవైపుకి కొట్టుకుపోయింది.

"నీళ్లు ముందునుంచి వస్తున్నాయి. అంటే సముద్రం అటే. వచ్చేదానికి ఎదురెళ్లాలి, అంతేగా?"

"అంతే."

బూడిదాకు పొదలు కుడిచేతికి తగిలేలా ఉంచుకుని, వచ్చే నీళ్లకి ఎదురు నడిచారు. ఒంట్లో ప్రతి ఎముకా వెనక్కి తిరగమంటోంది. నీళ్లు పిక్కల దాకా వచ్చాయి. హెస్టర్ ప్రతి అడుగుకీ ఒక తిట్టు తిట్టింది, సగం సముద్రాన్ని, సగం మరిదిని. తిట్లు ఆగితే అతనికి భయం వేసేది. అవి ఆగలేదు.

కాళ్ల కింద బురద కాస్తా ఇసుక అయింది. తర్వాత రాళ్లు గరగరమన్నాయి. నేల పైకి లేచింది. క్లెమెంట్ మోకాళ్లమీద కూలబడి రెండు చేతులూ చాపాడు. నేలని అంటుకుని, తీగల్లాంటి కాడలు చాపలా అల్లుకుని ఉన్నాయి. సూదుల్లాంటి సన్నటి ఆకులు, ఎదురెదురుగా, అంచులు కిందికి చుట్టుకుని. ఒక ఆకుని నాలిక మీద పెట్టుకుంటే ఉప్పు చురుక్కుమంది. ఒక పువ్వుని కంటి దగ్గరికి తెచ్చుకున్నాడు. గులాబి రంగు, నలిగిన కాగితంలాంటి రేకులు అయిదు.

"ఇది హీత్."

"ఇందాకా ఇదే అన్నావు."

ఆమె చెయ్యి పట్టి తాకించాడు. ఆమె తడిమి చూసింది.

"ఊఁ. అరిగిపోయిన చీపురులా ఉంది. ఆకంతా తడేమిటి?"

"ఉప్పు. ఇది ఫ్రాంకీనియా మొక్క. ఆ కుటుంబంలో అన్నీ ఇలాంటి పొట్టి పొదలే. ఉప్పునేలలో బతుకుతాయి. లోపలికి వెళ్లిన ఉప్పుని ఆకులమీది సన్నటి గ్రంథుల్లోంచి బయటికి కక్కేస్తాయి. ఎండలో అది తెల్లగా పేరుకుంటుంది, మంచులో ఇలా కరుగుతుంది."

"మా ఐడా కూడా అంతే. ఏదీ కడుపులో దాచుకునేది కాదు" అంది హెస్టర్. కాసేపాగి, "అయితే ఇది మునగదు కదా?" అంది.

అబద్ధం చెప్పడం అతనికి చేతకాలేదు. "మునుగుతుంది. ఎప్పుడో ఒకసారి. బాగా పెద్ద పోటుకి."

"ఇవాళ పెద్ద పోటే."

"అవును వదినా."

పొదల మీదుగా పాక్కుంటూ గట్టు నెత్తికి చేరారు. అది గుర్రపుబండి వెడల్పు కూడా లేదు. రెండువైపులా నీళ్ల చప్పుడు. క్లెమెంట్ కాడల మధ్య వేళ్లు పెట్టి వెతికాడు. కుందేలు పెంటికలు దొరికాయి, పాతవి, ఎండి తెల్లబడినవి. అవి నీళ్లొస్తే తేలిపోతాయి. అంటే కిందటి పున్నమి పోటు ఇక్కడికి ఎక్కలేదు. కాని ఇవాళ్టిది దానికన్నా పెద్దది. ఆ మాట రెండు సగాలుగా చేసి, మొదటి సగం మాత్రం వదినకి చెప్పాడు.

"కుందేలు పెంటిక మీద ప్రాణాలు పెట్టుకున్నాం" అంది ఆమె. "చర్చిలో చెప్పుకోడానిక్కూడా పనికిరాదు."

ఒకరి వీపుకి ఒకరు వీపు ఆనించి కూర్చున్నారు. గాలి లేదు. అలలు లేవు. నీరు చప్పుడు లేకుండా లేస్తోంది. కింది పొదలు ముందు మునిగాయి. పూలు తలలు వంచి, నీటి కింద మసకగా కనబడి, మాయమయ్యాయి. తర్వాత వాటి పై వరస. హెస్టర్ వాచిన పాదాన్ని నీళ్లు తాకాయి. అతను ఆమెవైపు తిరిగి, ఆ పాదాన్ని తీసి తన ఒళ్లో పెట్టుకున్నాడు. ఆమె అతని చెయ్యి దొరకబుచ్చుకుని, గోళ్లు దిగేలా పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుంది.

గంటలు ఆగిపోయాయి. క్లెమెంట్ నీటి అంచున ఒక గడ్డిపరకని చూస్తున్నాడు. అది నెమ్మదిగా అతని మోకాలు తాకింది. తొడ కిందికి చేరింది. చలి నడుముదాకా పాకింది. పరక అక్కడే ఆగింది. కదలడం లేదు. చాలాసేపు అది అక్కడే ఉంది, ఎటు పోవాలో తెలియనట్టు. తర్వాత ఒక వేలి వెడల్పు వెనక్కి జరిగింది.

"వెళ్తున్నాయి వదినా."

"ఇప్పుడే చెప్పకు" అంది ఆమె కళ్లు తెరవకుండానే. "పూర్తిగా పోయాక చెప్పు."

అతను చెప్పలేదు. మంచు పల్చబడి, పడమట కాస్త పసుపు వెలుగు కనబడింది. నీటిలోంచి పై పొదలు బయటపడ్డాయి, తర్వాత వాటి కిందివి. పూలకి బురద పట్టింది, తలలు వాలిపోయాయి, అయినా కాడలు రాళ్లని వదల్లేదు. గోళ్లు దిగిన చోట అతని చెయ్యి మండుతోంది. దాన్ని కదపకుండా, అన్నిటికన్నా కింది వరస కనబడేదాకా కూర్చున్నాడు.

"ఇప్పుడు, వదినా" అన్నాడు.